టింబర్‌లైన్ లాడ్జి: కరువు పనిలో పుట్టిన పనితనం

అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో మౌంట్ హుడ్ అని ఒక మంచుకొండ ఉంది. దాని దక్షిణపు వాలు మీద, దాదాపు 6,000 అడుగుల ఎత్తున, అడవి పలచబడి చెట్లు ఆగిపోయే చోట రాయీ కొయ్యా కలిపి కట్టిన టింబర్‌లైన్ లాడ్జి ఉంది. స్కీయింగుకు వచ్చేవాళ్లు బస చేసే హోటలు అది. కట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ రోజుల్లో పని దొరక్క ప్రభుత్వం దగ్గరికి వచ్చినవాళ్లు.

ఆర్థిక మాంద్యం దెబ్బకు 1933 నాటికి ఆ దేశంలో పని చేయగల ప్రతి నలుగురిలో ఒకరు ఖాళీగా ఉన్నారు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ పెట్టింది. డబ్ల్యూపీఏ అని పిలిచేవారు. 1943లో మూసేసేలోపు అది దాదాపు 85 లక్షల మందికి పని చూపించింది. కరువు పనులంటే ఏమిటో మనవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1877-78 కరువులో మద్రాసులో అడయారు, కూవం నదులను కలుపుతూ బకింగ్‌హాం కాలువ భాగాన్ని తవ్వింది ఆకలికి తాళలేక పనికి వచ్చిన జనమే. అయితే కరువు పని అనగానే మనకు తట్టా పారా కళ్ల ముందు కదులుతాయి. ఈ కొండ మీద లాడ్జి కట్టించిన డబ్ల్యూపీఏ మట్టి పనితో సరిపెట్టలేదు. కొలిమి రాజేశారు, మగ్గం ఆడించారు, చేతికి ఉలి ఇచ్చారు. నాకు ఈ కట్టడం మీద ఇంత ఇష్టం అందుకే.

మామూలుగా ఇల్లు కట్టించేవాడు ముందు కూలి ఖర్చు తగ్గించుకోవాలని చూస్తాడు. కొట్లో గొళ్లెం దొరుకుతుంటే కమ్మరి దగ్గరికి ఎందుకు వెళ్తాడు? ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడింది. డబ్బు సరుకు మీద కాకుండా మనుషుల చేతికి వెళ్లాలన్నదే పథకం ఉద్దేశం. పని వచ్చినవాళ్లకు గంటకు 90 సెంట్లు, రానివాళ్లకు 55 సెంట్లు. అందుకే తలుపు బందుల దగ్గర్నుంచి దీపం గూళ్ల దాకా చేత్తో చేయగలిగిందల్లా చేత్తోనే చేశారు. సరుకుకు డబ్బు చాలని చోట ఎవరో పారేసిన వస్తువులు పనికొచ్చాయి.

ఆ పారేసిన వస్తువుల దగ్గర కాసేపు ఆగాలి. లోపల మెట్ల మలుపుల్లో, చేతిపట్టీ ఆగే చోట పొట్టి స్తంభాలున్నాయి. అవి ఒకప్పటి దేవదారు టెలిఫోన్ స్తంభాలు. కోసి, ఒక్కోదాని తలమీద ఒక్కో అడవి ప్రాణిని చెక్కారు: ఒకచోట ఎలుగుపిల్ల, ఇంకోచోట గుడ్లగూబ, మరోచోట బీవరు. చెక్కినవాడు బొచ్చూ ఈకా వెంట్రుక వెంట్రుకగా చూపించాలని తాపత్రయపడలేదు. స్తంభం గుండ్రదనాన్ని అలాగే ఉంచి, అందులోనే వీపు వంపు, ముడుచుకున్న కాళ్లు, దించిన తల వచ్చేలా చూసుకున్నాడు. కొయ్యను ఎక్కడ తీయాలో తెలిసిన చెయ్యి చాలామందికి ఉంటుంది, ఎక్కడ ఆపాలో తెలిసినది అరుదు. మెట్లెక్కేవాడి అరచెయ్యి సరిగ్గా ఆ తల మీద పడుతుంది. ఎనిమిది దశాబ్దాలకు పైగా పడుతూ పడుతూ అది నున్నబడింది. ముట్టుకోవద్దని బోర్డు పెట్టే శిల్పం కాదిది, పట్టుకోవడానికే చేసింది.

నడిమి హాలు ఆరు పలకలుగా ఉంటుంది. మధ్యలో 90 అడుగుల రాతి పొగగొట్టం పైకప్పును చీల్చుకుని పోతుంది. చుట్టూ నిలబడిన పెద్ద స్తంభాలు పాండరోసా పైన్ దుంగలు. గొడ్డలి, బాడిసె పట్టి వాటిని కూడా ఆరు పలకలు తేల్చారు. ఫైర్‌ప్లేసుల్లో మండే దుంగలను ఎత్తిపట్టే ఇనుప కాళ్లు పాత రైలు పట్టాలు. నిప్పురవ్వలు గదిలోకి ఎగరకుండా ముందు వేలాడే తెర, మంచులో జారకుండా బండి టైర్లకు చుట్టే గొలుసులతో అల్లింది. రైలు పట్టాను కొలిమిలో కాల్చి, సమ్మెట దెబ్బలతో వంచి, ఆ గదిలో కూర్చునే వస్తువుగా మార్చడం చిన్న పని కాదు. ఆ కమ్మరి పనినంతా నడిపించినవాడు ఓ. బి. డాసన్. భోజనశాల ఇనుప గేట్లు చూస్తే ఆయన శిక్షణ ఎలాంటిదో తెలుస్తుంది.

గదుల బాధ్యత మార్జరీ హాఫ్‌మన్ స్మిత్‌ది. అడవి ప్రాణులు, కొండ పూలు, వలస వచ్చిన తొలి తరాలు, అక్కడి ఆదివాసుల రూపాలు: వీటి చుట్టూ ఆమె కర్టెన్లు, కుర్చీలు, దుప్పట్లు అన్నీ రూపొందించింది. ఉపాధి పనికి వచ్చిన ఆడవాళ్లు మగ్గం మీద నేశారు, సూదితో కుట్టారు. పనిలేని యువకుల కోసం ప్రభుత్వం నడిపిన శిబిరాల్లో పనికిరాకుండా పోయిన ఉన్ని దుప్పట్లను, యూనిఫారాలను పేలికలుగా చీల్చి నేల రగ్గులు అల్లారు. పాత చీరలతో మన అమ్మమ్మలు కుట్టిన బొంతలాంటి పొదుపే ఇది, పైగా వీటిలో రంగుల కూర్పు మీద ఒక డిజైనరు కన్ను ఉంది.

నక్షా విషయం త్వరగా చెప్పేస్తాను. యోసెమిటీ జాతీయ పార్కులో అహ్వానీ హోటలు గీసిన గిల్బర్ట్ స్టాన్లీ అండర్‌వుడ్ సలహాదారు, అటవీ శాఖ ఆర్కిటెక్టులు దాన్ని పూర్తి చేశారు. హాలు పైకప్పు వెనకున్న శిఖరంలా నిట్టనిలువుగా లేస్తుంది. 1936 వేసవిలో పని మొదలైంది. పనివాళ్లు కింద డేరాల్లో ఉండి లారీల్లో పైకి వెళ్లేవారు. 1937 సెప్టెంబరు 28న రూజ్‌వెల్టే వచ్చి ప్రారంభించాడు. 1938 ఫిబ్రవరిలో అతిథులు దిగారు.

స్టాన్లీ కూబ్రిక్ 1980 నాటి ‘ద షైనింగ్’ సినిమాలో హోటలుగా ప్రపంచం చూసింది ఈ లాడ్జి బయటి రూపమే. లోపలి దృశ్యాలు ఇంగ్లండులో వేసిన సెట్లలో తీశారు. కాబట్టి ఎలుగుపిల్లా, పట్టాల కాళ్లూ తెర మీదికి రాలేదు. నాకు అది లోటే.

బట్ట రాయిలా నిలవదు. 1970ల నాటికి కర్టెన్లు, రగ్గులు చాలా వరకు చివికిపోయాయి. 1975లో ఫ్రెండ్స్ ఆఫ్ టింబర్‌లైన్ అనే సంఘం ఏర్పడి, పాత నమూనాలు వెతికి మళ్లీ నేయించడం మొదలుపెట్టింది. 1977లో లాడ్జికి జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది. దాన్ని అద్దాల వెనక పెట్టకుండా హోటలుగానే నడుపుతున్నారు. గది తీసుకున్నవాళ్లు ఆ కుర్చీల్లో కూర్చుంటారు, తడి బూట్లతో తిరుగుతారు, కొయ్య తలల మీద చెయ్యి వేసి మెట్లెక్కుతారు. అరిగినదాన్ని 1930ల నమూనా దగ్గర పెట్టుకుని మళ్లీ చేత్తోనే చేయిస్తారు.