గీత కలవని చోట

మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లో రెండు టేబుళ్ల మధ్య గీత గీయడం ఎవరికైనా వచ్చు. సర్వర్ 1215 అని మొండికేసినప్పుడే డేటాబేస్ మనిషి పనితనం బయటపడుతుంది. ఫారిన్ కీ చేర్చలేనంటుంది, ఎందుకో చెప్పదు.

చేయి తిరిగినవాళ్లు కంగారుపడి కోడ్ మార్చేయరు. ‘షో ఇంజిన్ ఇన్నోడీబీ స్టేటస్’ అని అడిగి, ఆ చాంతాడంత నివేదికలో చివరి ఫారిన్ కీ లోపం దగ్గర ఆగుతారు. రెండు కాలమ్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. కస్టమర్ల టేబుల్‌లో ఐడీ అన్‌సైన్డ్ ఇంట్, ఆర్డర్ల టేబుల్‌లో ఉత్త ఇంట్. రెండూ 4 బైట్లే, పైకి కవలల్లా ఉంటాయి. కానీ ఒకటి రుణ సంఖ్యలను ఒప్పుకోదు. ఇంకేం, పొత్తు కుదరదు. అక్షరాల కాలమ్‌లైతే కొలేషన్ కూడా కలవాలి. (8.0 వచ్చాక ఇలాంటి చోట సర్వర్ 3780 అంటూ కాలమ్‌ల పేర్లు కూడా చెబుతోంది, కొంత నయం.)

1452 వస్తే చూడాల్సింది డేటాని: కస్టమర్ లేని ఆర్డర్లు. లెఫ్ట్ జాయిన్ వేసి వాటిని బయటికి లాగుతారు. తొందరపడేవాళ్లు ఫారిన్ కీ చెక్స్‌ని సున్నా చేసి పని కానిచ్చేస్తారు. తర్వాత మళ్లీ 1 చేసినా, ఈలోగా చొరబడ్డ వరుసలను సర్వర్ తనిఖీ చేయదు. ఆ అడ్డదారి తెలిసీ తొక్కకుండా, ఈ ఆర్డర్లు ఎవరివో కనుక్కుందామని అమ్మకాల విభాగానికి ఫోన్ చేసేవాళ్లంటేనే నాకు గౌరవం.