ఒంటినుండు పసిడి

మా చిన్నకోడలికి నిత్యము మెడలో నుంచుకొనదగిన గొలుసొకటి కొనవలెనని పోయినవారము బెజవాడలో ఒక నగల దుకాణమునకు వెళ్లితిమి. అచటి కుఱ్ఱవాడు దారమువంటి గొలుసును మఖమలుగుడ్డపై పరచి, “పద్దెనిమిది క్యారెట్లండీ, రోజూ వేసుకోవడానికి ఇదే మేలు” అనెను. నాకు చిఱ్ఱెత్తినది. ఈ శీర్షికను వారము తప్పక చదువువారికి నా చాదస్తము క్రొత్తది కాదు: 22 క్యారెట్లకు తక్కువది బంగారమే కాదనియు, తరుగు పేరిట నగలో లేని బంగారమునకు వెల కట్టించుకొనుట పగటిదోపిడి యనియు, లోన డొల్లయైన గాజులకంటె తాము బంగారమని బొంకని చిలకలపూడి నగలే నిజాయితీ గలవనియు వ్రాసి వ్రాసి సంపాదకులను విసిగించినవాడను. ఆ కుఱ్ఱవానికిని ఈ పాఠమే చెప్పబోయి, మా మేనత్త చేతిగాజులు తలపునకు వచ్చుటచే నోరు మెదపలేక పోతిని.

చైనాతో యుద్ధము ముగిసిన మఱుసటి జనవరిలో, అనగా 1963లో, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి బంగారు నియంత్రణ నిబంధనలను తెచ్చి, క్రొత్తగా చేయు నగ యేదియు 14 క్యారెట్లకు మించరాదని శాసించినప్పుడు, తెనాలిలో మా వీథి అగసాలి ఆచారిగారి కుంపటి చల్లారినది. ఊదుగొట్టము, పట్టుకారు, వెలిగారపు బరిణె, తాతలనాటి ఒరగల్లు అన్నియు ఎక్కడివక్కడనే యుండెను. పని మాత్రము లేదు. ఆయన అరుగు ఊడ్చిన మట్టిని ఏటేట కొనుక్కొనిపోయి, జలగడిగి, అందులోని రజను ఏరుకొనువారు సైతము ఆ యేడు మా వీథి ముఖము చూడలేదు. దేశమున ఎందఱో స్వర్ణకారులు జీవనము కోల్పోయిరి. కొందఱు ప్రాణములే తీసికొనిరి. కొలది ఏండ్లకే ఆ 14 క్యారెట్ల కట్టు సడలినను, 1968లో వేఱొక చట్టము వచ్చి 1990 వఱకు వారి నెత్తిన కూర్చున్నది.

ఆ 1963 వేసవిలోనే మా మేనత్త పెండ్లి. ఆచారిగారు చట్టమునకు లోబడి రెండుజతల గాజులు చేసి తెచ్చెను. రాగిపాలు హెచ్చగుటచే అవి యెఱ్ఱని జిగి దేలియుండెను. మా నాయనమ్మ వానిని వాకిటి వెలుగునకు త్రిప్పి చూచి, “ఇదేమిటయ్యా ఆచారీ, రాగిచెంబుకి మెరుగుపెట్టి తెచ్చావా?” అన్నది. “ఢిల్లీవాళ్ల బంగారం ఇంతేనమ్మగారూ” అని ఆయన తల వంచుకొనెను.

ఎవరికిని నచ్చని నగలు గావున మా మేనత్త వానిని పెట్టెలో దాచలేదు. ఆ గాజులతోనే బావిలో నీళ్లు చేదినది, పిండి దంచినది, పిల్లలకు తలంటినది. మా అమ్మ 22 క్యారెట్ల గాజులు పండుగలకే వెలికివచ్చియు నొక్కులు పడి, మణికట్టువద్ద బద్దగా అణగి, రెండుమార్లు కుంపటి కెక్కినవి. అత్తవి నేటికిని గుండ్రముగనే యున్నవి. ఇందులో మహిమ యేమియు లేదు. మేలిమి బంగారము మిక్కిలి మెత్తని లోహము. 22 క్యారెట్లలో నూటికి 91.6 పాళ్లును, 18లో 75, 14లో 58.5 పాళ్లును పసిడియై, తక్కినది రాగియు వెండియు మొదలగు లోహములై, ఆ కలిసిన లోహమే నగకు గట్టిదనము నిచ్చుచున్నది. ఇక మొరార్జీ మాట యందురా? శాసనముగా అది దుర్మార్గము. సలహాగా చెప్పియుండినచో ఏ అగసాలియు కాదనలేనిది.

కావున ఈ శీర్షికలో వినవలసివచ్చునని నేనెన్నడును తలపని మాటయే నేడు చెప్పుచున్నాను: ఉంగరమునకును, నిత్యము చేత నుండు గాజునకును 18 క్యారెట్లు చాలును. గొలుసు సంగతి ఇంటినిబట్టి యుండును. జూన్ నెలలో విత్తనములకో, పిల్లల ఫీజులకో తాకట్టునకు పోవలసిన గొలుసైనచో 22 క్యారెట్లదే కొనవలెను. దానికి సరియైన వెల కట్టువాడు ప్రతి యూరిలోను దొరకును. నెలజీతము వచ్చు ఇంట మెడకే పరిమితమైనదానికి ఆ చింత లేదు. పుస్తెల జోలికి నేను పోను. అది ఆడువారి రాజ్యము.

క్యారెట్లకంటె ముందు చూడవలసినది అతుకు. గొలుసు నట్టనడుమ తెగుట అరుదు. కొక్కెము తగులుకొను కడియమువద్దనే తెగును. పాతగొలుసును అద్దము క్రింద పెట్టి చూడుడు: ఆ కడియము లోపలివైపు అరిగి, గుండ్రని తీగె అర్ధచంద్రాకృతి దాల్చియుండును. చెవిదుద్దులకు నొక్కుడు బిళ్లకంటె మరసీల మేలు. రెండు గ్రాములలోపు నగకు హాల్‌మార్కు నిర్బంధము కాదు గనుక, ముక్కుపుడకవంటివి కొనునప్పుడు క్యారెట్లను, బంగారపు తూకమును, రాతిబరువును రసీదులో వేఱువేఱుగ వ్రాయించుకొనుడు. రాతిని పసిడివెలకు తూచు దుకాణములు ఇంకను కలవు, వానినిగూర్చి పైవారము వ్రాసెదను.