తాడు పట్టే చదువు

కొత్తగూడ చుట్టుపక్కల పెద్ద స్కూళ్లలో నాటకమంటే వార్షికోత్సవానికి ముందు మొదలయ్యే హడావుడి. కొద్ది కిలోమీటర్ల దూరంలో, శేరిలింగంపల్లి సురభి కాలనీలో మాత్రం అది ఇంటి పని.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ నాటకంతో మొదలుపెట్టిన కుటుంబ వృత్తి ఇది. ఇందులో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. ఈ సురభి కుటుంబాల పిల్లలకు సిలబస్ ఉండదు. పాలుతాగే వయసులో ఉయ్యాల్లో కృష్ణుడు. మాటలొచ్చాక ప్రహ్లాదుడు, లవకుశులు. కాస్త ఎదిగాక తాడు పట్టే పని.

అసలు చదువు ఆ తాడు దగ్గరే. ‘మాయాబజార్’ నాటకంలో ఘటోత్కచుడి మాయలన్నీ కంటికి ఆనని తీగలు, కప్పీలు, రంగుల తెరలు, సమయానికి లాగే చేతులు. లెక్క తప్పితే గాల్లోంచి దిగాల్సిన నారదుడు అక్కడే వేలాడాలి! ఒక రంగంలో వేషం కట్టినవాళ్లే తర్వాతి రంగానికి సామాను మోస్తారు, రాజుగారైనా సరే.

ఈ నాటక కళకే 2013లో సురభి కళాకారుడు రేకందార్ నాగేశ్వరరావుకు, అదే మన సురభి బాబ్జీకి, పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. కొత్త తరంలో కొందరు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, ప్రదర్శన ఉన్నరోజున వచ్చి రంగు వేసుకుంటున్నారు.

ఏసీ ఆడిటోరియాలు కట్టిన స్కూళ్లు ఈ కాలనీ నుంచి ఒక్క మాస్టారిని పిలిపించుకుంటే, పిల్లలకు డైలాగుతోపాటు కప్పీ తిప్పడమూ వస్తుంది.