వాన రాకడ – ప్రభువు రాకడ: విడపనకల్లు మెట్టసేద్యం వెలుగులో ‘సిద్ధపాటు’ భావన

వ్యాససంగ్రహం:
క్రీస్తు రెండవ రాకడకు సిద్ధపడి ఉండాలన్నది క్రైస్తవ బోధలో ప్రధానాంశం. తెలుగులో ఈ భావనను మోస్తున్న పదాలకు వానతో, సేద్యంతో, శ్రమతో సంబంధం ఉంది. యాకోబు పత్రిక ఐదవ అధ్యాయాన్ని, మత్తయి సువార్త 24, 25 అధ్యాయాలను అనంతపురం జిల్లా విడపనకల్లు ప్రాంతపు నల్లరేగడి సేద్యంతో కలిపి చదివి, సిద్ధపాటు అంటే ఫలితం కనబడకముందే చేసే పని అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాకడ, సిద్ధపాటు, తొలకరి, కడవరి వాన, నల్లరేగడి, కరవు, విడపనకల్లు.

1. ఉపోద్ఘాతం:
విడపనకల్లు అనంతపురం జిల్లాలో, కర్ణాటకలోని బళ్లారికి చేరువలో ఉన్న మండల కేంద్రం. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఏటా సకాలంలో కురవదు. ఈ సీమకు ప్రొటెస్టెంట్ క్రైస్తవం ప్రధానంగా బళ్లారి మీదుగా వచ్చింది. అక్కడ 1810లో జాన్ హ్యాండ్స్ లండన్ మిషనరీ సొసైటీ కేంద్రాన్ని నెలకొల్పాడు. అనంతపురం 1882లో బళ్లారి నుంచి వేరుపడి ప్రత్యేక జిల్లా అయింది.

తెలుగు క్రైస్తవుల్లో రాకడ నిరీక్షణ బలమైనది. 1938లో ముంగమూరి దేవదాసు ప్రారంభించిన బైబిలు మిషను రాకడకు సిద్ధపడటాన్ని తన బోధలో ముఖ్యాంశంగా నిలిపింది. అయితే ప్రచారంలో ఉన్న రాకడ ప్రసంగాల్లో అధికభాగం సూచనల లెక్క చుట్టూ, విడిచిపెట్టబడతామన్న భయం చుట్టూ తిరుగుతుంది. ఆ సూచనల్లో కరవు ఒకటి. తరచు కరవుతోనే బతికే ప్రజలకు ఈ బోధ ఏమి చెబుతుందన్న ప్రశ్న విమర్శకు తగినంతగా అందలేదు.

2. రాకడ, సిద్ధపాటు – పదవిచారణ:
క్రీస్తు రాకను సూచించే గ్రీకు పదం ‘పరూసియా’. రావడం, సన్నిధిలో ఉండటం అనే రెండర్థాలూ దానికి ఉన్నాయి. రాజు ఒక పట్టణానికి విచ్చేయడాన్ని కూడా ఆ పదంతో చెప్పేవారు. తెలుగు అనువాదం దానికి ‘రాకడ’ను ఎంచుకుంది. ఈ పదానికి తెలుగు పల్లెలో అప్పటికే ఒక చోటు ఉంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్న సామెత అందుకు సాక్ష్యం. రాజు రాక ముందుగా తెలుస్తుంది, దారులు బాగుచేసుకునే వ్యవధి దొరుకుతుంది. వాన అలా చెప్పి రాదు. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియవన్న సువార్త బోధకు ‘రాకడ’ ఈ విధంగా మూలపదం కన్నా దగ్గరైంది.

‘సిద్ధపాటు’ కూడా గమనించదగినది. సిద్ధపడు క్రియ నుంచి వచ్చిన ఈ నామంలోని ‘పాటు’కు లోకవ్యవహారంలో శ్రమ అనే అర్థం ఉంది. పాటుపడటం అంటే కష్టించడమే. తెలియని రాకడను సామెత విధికి వదిలివేస్తే, సిద్ధపాటు దానిని పనివైపు మళ్లిస్తుంది.

3. తొలకరి, కడవరి:
యాకోబు పత్రిక (5:7) ప్రభువు రాకడ వరకు ఓపిక పట్టడానికి రైతును ఉదాహరణగా చూపుతుంది. భూఫలం కోసం అతడు తొలకరి, కడవరి వర్షాలకు ఎదురుచూస్తాడు. పాలస్తీనాలో తొలివాన అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తనానికి పదును ఇస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల కడవరి వాన గింజను నింపుతుంది. తెలుగు పాఠకుడికి తొలకరి అంటే మృగశిర కార్తె. అనువాదంలో పదం కుదిరినా కాలం మారింది.

విడపనకల్లు పరిసరాల నల్లరేగడిలో ఈ మార్పు మరో అర్థాన్నిస్తుంది. ఎర్రనేలల్లో తొలకరికి వేరుశనగ విత్తుతారు. రేగడిలో పప్పుశనగ వేయదలచిన రైతు తొలకరికి విత్తడు. ఆ వానాకాలమంతా పొలాన్ని బీడుగా ఉంచి, కలుపు పెరగకుండా గుంటక తోలుతూ, కురిసిన ప్రతి చినుకునూ నేలలో నిలుపుకుంటాడు. హస్త, చిత్త కార్తెల వానలకు పదును కుదిరాక గొర్రుతో విత్తుతాడు. ఆ తరువాత పైరు చాలావరకు నేలలో దాగిన తేమతోనే పెరుగుతుంది. ఈ రైతుకు తొలకరి విత్తే వాన కాదు, నేలను సిద్ధం చేసే వాన. బయటివారికి ఆ పొలం ఖాళీగా కనబడే నెలల్లోనే అతని పని ఎక్కువగా సాగుతుంది. యాకోబు చెప్పిన ఓపికకు ఇంతకన్నా స్పష్టమైన వ్యాఖ్యానం దొరకడం అరుదు.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. అనంతపురంలో కడవరి వాన రాని ఏళ్లు ఉన్నాయి, విత్తనం మట్టిలో మాడిన ఏళ్లూ ఉన్నాయి. అందువల్ల రైతు ఓపికను ఫలితానికి హామీగా బోధించడం ఇక్కడ చెల్లదు. మరుసటి ఏడు మళ్లీ గుంటక కట్టడమే ఇక్కడి ఓపిక. విశ్వాసి నిరీక్షణ కూడా, లెక్కించిన తేదీలు తప్పినా, నిలవవలసింది ఈ విధంగానే.

4. కరవు సూచనా, పిలుపా?
మత్తయి 24వ అధ్యాయంలో కరవుల ప్రస్తావన ఉంది. అయితే అవి అంతం కావని, వేదనల ఆరంభం మాత్రమేనని ఆ సందర్భమే స్పష్టం చేస్తుంది. కరవును కేవలం అంత్యకాల సూచనగా చదివితే, బాధపడేవారి బతుకు ఇతరులు లెక్కించుకునే గుర్తుగా మిగిలిపోతుంది.

దీనికి భిన్నమైన స్పందన తెలుగు క్రైస్తవ చరిత్రలోనే ఉంది. 1876–78 నాటి మహాకరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే గుత్త తీసుకుని కూలీలకు పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ పెద్ద సంఖ్య వెనుక పలుగు, పార పట్టిన నెలలు ఉన్నాయి.

యాకోబు పత్రికలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. ఓపికను గురించిన మాటకు మూడు వచనాల ముందు (5:4), పొలం కోసిన కూలీల కూలిని బిగబట్టిన ధనికులపై తీవ్రమైన ఆక్షేపణ ఉంది. ఓపిక బోధ ఎక్కువగా అన్యాయానికి గురైన శ్రామికులకు చెప్పిన ఓదార్పు. పై వచనాన్ని విడిచి కింది వచనాన్ని మాత్రమే ప్రసంగిస్తే, న్యాయం కోరేవారిని ఊరుకోమన్నట్లు అవుతుంది. వ్యవసాయ కూలీలు అధికంగా ఉన్న రాయలసీమ పల్లె సంఘాల్లో ఈ తేడా చిన్నది కాదు.

5. నూనె, నీరు:
సిద్ధపాటుకు ఎక్కువగా ఉదహరించేది పదిమంది కన్యకల ఉపమానం (మత్తయి 25:1–13). బుద్ధిగలవారు దివిటీలతోపాటు సిద్దెల్లో నూనె తీసుకువెళతారు. సిద్దె అంటే నూనె, నెయ్యి పోసుకునే తోలుబుడ్డి. పదిమందీ కునికి నిద్రపోయారన్నది ప్రసంగాల్లో మరుగునపడే విషయం. వారి మధ్య తేడా నిద్రలో లేదు, నిద్రకు ముందు చేసిన పనిలో ఉంది. గుంటక తోలిన పొలానికీ, తోలని పొలానికీ ఉన్న తేడా వంటిదే ఇది.

ఈ ఉపమానంలో నూనె ఇతరులకు పంచడానికి వీలుకాలేదు. దీన్ని మాత్రమే చదివితే సిద్ధపాటు వ్యక్తిగత వ్యవహారంగా తోస్తుంది. కానీ అదే అధ్యాయం చివరి తీర్పు దృశ్యంలో (25:31–46) ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీరు ఇచ్చారా అన్నదే ప్రశ్న. ఎవరి నూనె వారిదే అయినా నీరు అందరితో పంచుకోవలసింది. వేసవిలో బిందెడు నీటికి బారులు తీరే సీమలో ఈ రెండు దృశ్యాలను విడదీసి చదవడం సాధ్యం కాదు.

6. ముగింపు:
• ‘రాకడ’ అనే పదం సామెత ద్వారా వాన అనిశ్చితిని మోస్తూ సువార్త బోధకు దగ్గరైంది.
• యాకోబు చూపిన రైతు ఓపిక, నల్లరేగడి సేద్యం వెలుగులో, విత్తనానికి ముందే సాగే నేల సంసిద్ధతగా అర్థమవుతుంది.
• కరవును సూచనగా మాత్రమే చూసే బోధ మత్తయి, యాకోబు పాఠాల సందర్భానికి న్యాయం చేయదు.
• కూలికి న్యాయం, దప్పికకు నీరు రాకడ సిద్ధపాటులో భాగాలే.

రాకడ ఎప్పుడన్నది రైతుకు గానీ, విశ్వాసికి గానీ తెలియదు. వచ్చిన వానను నిలుపుకునేలా నేల ఉందా అన్నది మాత్రం వారి చేతిలోని పని.