బండి ఆగిన చోట

మూడేళ్ల కిందట నేనొక బైక్ యాత్రా వ్యాసం రాశాను. హైదరాబాద్ నుంచి 44వ నంబరు హైవే మీద కామారెడ్డి. అక్కడ ఎడమకు తిరిగి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి. అక్కణ్నుంచి పోచారం అభయారణ్యం పక్కగా మెదక్, మళ్లీ ఇల్లు. పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగొచ్చే దారి. వ్యాసం చాలామందికి నచ్చింది. మొన్న ఏదో వెతుకుతూ దాన్ని మళ్లీ చదివితే సిగ్గేసింది. భాష బాగా లేక కాదు. అంత దూరం పోయొచ్చినవాడి రాతలో దారిలో ఎదురైన ఒక్క మనిషి మాట కూడా లేదు.

తెలుగులో ఇప్పుడు బైక్ యాత్రల రాతలు, వీడియోలు బోలెడు. వాటి మీద రాయాలనుకుని, ఊళ్లోవాళ్లని అనేముందు నా వ్యాసాన్నే బల్ల మీద పెట్టుకున్నాను.

అందులో రోడ్డు పాములా మెలికలు తిరిగింది. గాలి ముఖానికి కొట్టింది. ప్రకృతి ఒడిలో నేను నన్ను వెతుక్కున్నాను. పోచారం చుట్టూ ఉన్న గుట్టల్ని ‘పర్వత శ్రేణులు’ అన్నాను. గుట్ట అనే చక్కటి మాట ఉండగా దాన్నెందుకు వదిలేశానో నాకిప్పుడు తెలుసు. గుట్ట అంటే మా నానమ్మకు కూడా తెలుసు, పర్వతమైతే సాహసం. అనంతగిరిని తెలంగాణ ఊటీ అనేది కూడా ఈ రోగం వల్లే. ఉన్న చోటును ఉన్నట్టు చూడలేక, ఇంకో చోటు పేరు అరువు తెచ్చుకోవడం.

ఇంకో వాక్యం మరీ ఘోరం: ‘దారికి రెండువైపులా పేరు తెలియని చెట్లు.’ ఎవరికి తెలియని? అందులో టేకు ఉంది, మద్ది ఉంది, తునికి ఉంది. అక్కడ పశువులు కాసే పిల్లాడినడిగినా చెప్పేవాడు. నేను అడగలేదు. అడగకపోవడాన్ని కవిత్వం చేసి పెట్టాను.

ఈ దారి మన సాహిత్యానికి కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, హైదరాబాద్ దాటాక నిర్మల్ మీదుగా నాగపూర్ వైపు వెళ్లాడు. ఈనాటి హైవే కూడా దాదాపు అటే పోతుంది. కాశీయాత్ర చరిత్రలో ఆయన ఊరూరా ఏం రాశాడు? దిగడానికి చోటుందా, నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లలో సామాన్లు దొరుకుతాయా, దారి రాళ్లదా అడుసుదా. మొదట్లో నాకవి పచారీ చిట్టాలా అనిపించి పేజీలు తిప్పేసేవాణ్ని. ఇప్పుడు వాటి విలువ తెలుస్తోంది. నీళ్ల గురించి రాయాలంటే ఆ ఊళ్లో ఎవరినో ఒకరిని అడగాలి. ఆయన కూడా పల్లకీలో, ఇంకొకరి భుజాల మీద వెళ్లిన పెద్దమనిషే, కాదనను. అయినా తన తర్వాత ఆ దారిన వచ్చేవాడికి పనికొచ్చేలా రాశాడు. నేను నాకు పనికొచ్చేలా రాసుకున్నాను.

మోటార్‌సైకిల్ యాత్రలనగానే మనవాళ్లు చే గువేరా పేరెత్తుతారు. టీ షర్టుల మీద చేతో పాటు నార్టన్ బండి బొమ్మ కూడా చూశాను. కానీ 1952లో ఆ బండి చిలీలోనే చచ్చిపోయింది. మిగతా దక్షిణ అమెరికా అంతా ఆయన, స్నేహితుడు అల్బెర్తో గ్రనాదో లారీలెక్కి, నడిచి, ఇంకొకరి దయ మీద తిరిగారు. చుకికమాత గని, అక్కడికి పోయే దారిలో కలిసిన కార్మిక దంపతులు, పెరూలోని కుష్ఠు రోగుల ఆశ్రమం అన్నీ బండి పోయాక వచ్చినవే. పుస్తకంలో జనం కనబడటం మొదలయ్యేది ఇంజిన్ చప్పుడు ఆగాకే. మన రైడర్లు ఆ పుస్తకంలో బండి ఉన్న భాగమే చదివారేమోనని నా అనుమానం. పరవస్తు లోకేశ్వర్ తన పుస్తకానికి ‘ఛత్తీస్‌గఢ్ స్కూటర్ యాత్ర’ అని పేరు పెట్టుకున్నారు. పేరులో స్కూటర్ ఉండటం నాకిష్టం. అది గొప్ప చెప్పుకునే బండి కాదు, దాని మీద వచ్చినవాణ్ని చూసి ఎవరూ బెదరరు.

నా బండి కూడా ఆగింది. లింగంపేట దాటాక పంక్చర్. ఆ సంగతి వ్యాసంలో లేదు, ఫ్లో చెడుతుందని తీసేశాను. తోసుకుంటూ వెళ్తే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. పెద్దాయన ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ అడిగాడు.

‘‘ఏడికెల్లి వస్తున్నవ్ తమ్మీ?’’

‘‘హైదరాబాద్ నుంచన్నా.’’

‘‘ఏం పని మీద?’’

‘‘పనేం లేదన్నా, ఊరికే.’’

‘‘పని లేకుండ గింత దూరమా!’’ అని నవ్వాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

షెడ్డు పక్క నీడలో ఇద్దరాడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. చేటలో ఉన్నది తునికాకు. నా ‘పేరు తెలియని చెట్టు’ ఆకు. అప్పుడే ఒక టీవీఎస్ ఎక్సెల్ వచ్చి ఆగింది, రెండువైపులా పాల క్యాన్లు. ఆ రోడ్డు మీద అసలు టూ వీలర్ యాత్ర అది, రోజుకు రెండు పూటలా. మన వీడియోల్లో మాత్రం ఎక్సెల్ అంటే ఓవర్‌టేక్ చేయాల్సిన అడ్డం. గడ్డిమోపు, యూరియా బస్తా, వెనక కూర్చున్న ముసలమ్మ, అన్నీ ఒక్క సెకనులో ఫ్రేములోంచి జారిపోతాయి.

అడవిని కూడా నేను సరిగా చదవలేదు. ‘మనిషి చేయి పడని ప్రకృతి’ అని రాశాను. పోచారం చెరువు 1916–22 మధ్య మనుషులు కట్ట కడితే ఏర్పడింది. చుట్టూ ఉన్న అడవి నిజాంల వేట స్థలం. 1952లో అభయారణ్యమైంది, దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. అంటే అక్కడ ప్రతి గుట్టకూ ఒక ఫైలుంది, హక్కుల తగవుంది, కూలిడబ్బుల లెక్కుంది. చేయి పడలేదనడం ఆ చేతుల్ని కొట్టేయడమే.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా మీద వాన విరుచుకుపడింది. రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పోచారం కట్ట నిలుస్తుందా లేదా అని కింది ఊళ్లవాళ్లు భయంతో ఎదురు చూశారు. కట్ట నిలిచింది. ఆ రెండు రోజులూ ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చున్నాను. నేను ‘స్వర్గానికి దారి’ అని రాసిన రోడ్డు గురించి నాకేమీ తెలియదని అప్పుడర్థమైంది. ఏ వాగు ఎక్కడ దాటుతుందో, ఏ ఊరు పల్లంలో ఉందో తెలియదు. ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగడానికి ఒక్క నంబరు లేదు. ఆ పెద్దాయన పేరు కూడా అడగలేదు.

బైక్ మీద తిరగొద్దని నేననను. వానాకాలం పొద్దున ఆ మలుపుల్లో బండి వంచడంలోని సంతోషం అబద్ధం కాదు. ఆ సంతోషం ఎవరిదో, ఎవరి ఊళ్ల మధ్య నుంచి పోతోందో రాతలో కనబడాలి. యాత్రా వ్యాసానికి నేనిప్పుడు పెట్టుకున్న పరీక్ష చిన్నది: ఆ దారిలో ఉండేవాళ్లు చదివితే అది తమ ఊరేనని గుర్తుపడతారా?

నా వ్యాసం ఆ పరీక్షలో తప్పింది. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. ఈసారి పంక్చర్ పడకపోయినా ఆ షెడ్డు దగ్గర ఆగుతాను. ముందు పేరు అడగాలి.