పారే నీటిని కొలిచేవాళ్లు

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిందని విని అంతా హడలిపోయాం. పారే నీటిని అసలు కొలవడమే ఎంత పనితనమో మాత్రం తలుచుకోం. నాకు ఆ పనివాళ్లంటే ఎంతో గౌరవం. కాలువ వంతెన మీద గుర్తులు పెట్టి వెడల్పును ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క దగ్గర లోతు చూసి, చిన్న గిన్నెల చక్రమున్న కరెంట్ మీటర్‌ను దించుతారు. ఉరవడికి కొట్టుకుపోకుండా దాని కింద చేప ఆకారపు బరువు వేలాడుతుంది. అడుగున మట్టి రాపిడికి నీరు నెమ్మదిస్తుంది, పైన పరుగెడుతుంది. అందుకే పైనుంచి 60 శాతం లోతున మీటర్‌ను ఆపుతారు, సగటు వేగం దాదాపుగా అక్కడే దొరుకుతుంది. లోతెక్కువైతే 20, 80 శాతాల దగ్గర కొలిచి సగటు తీస్తారు. ఒక సుడి చక్రాన్ని తోస్తుంది, మరొకటి మందగింపజేస్తుంది. తొందరపడకుండా, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాలి. ఆ ఓపికంటేనే నాకు ముచ్చట! వెడల్పు, లోతు, వేగం గుణించి ముక్కలన్నీ కలిపితే ప్రవాహం తేలుతుంది. నదిని కంప్యూటర్లో పారించే పీహెచ్‌డీ విద్యార్థులకూ ఈ అంకెలే ఆధారం. ప్రవాహాన్ని లక్షల గడులుగా విడగొట్టి సమీకరణాలు నడిపినా, అడుగు గరుకుదనాన్ని సరిగ్గా అంచనా వేశారో లేదో తేల్చేది నీళ్లలో దిగిన మీటరే. నాట్ల వేళ బందరు కాలువ శివారు రైతు నీళ్లందలేదని మొరపెట్టుకుంటే, ఎక్కడ తగ్గాయో చూపించేవి కూడా ఇలాంటి కొలతలే.