కూలివాని పేరున్న లోయ – మన సరిహద్దు కవిత్వం

2020 జూన్ 15 రాత్రి తూర్పు లడాఖ్‌లో జరిగిన ఘర్షణ తర్వాత కొన్ని నెలలపాటు మన పత్రికల్లోనూ కవిసమ్మేళనాల్లోనూ 'గాల్వన్' అన్న మాట మారుమోగింది. దాన్ని వాడిన కవుల్లో ఎక్కువమంది ఒక నది పేరుగానో, లోయ పేరుగానో, చివరకు ఒక నినాదంగానో వాడారు. నిజానికి అది ఒక మనిషి పేరు. ఆ మనిషి రాజు కాడు, సేనాని కాడు. లే పట్టణంలో పేదరికంలో పెరిగి, చిన్నతనంలోనే దొరల బిడారుల వెంట నడిచి, సామాన్లు మోసి, గుర్రాలు తోలి, దారిచూపి బతికిన గులాం రసూల్ గాల్వన్. నదికి ఆ పేరు 1892 నాటి ప్రయాణంలో వచ్చిందని ఒక కథనం, 1899లో వచ్చిందని మరొక కథనం. ఏది నిజమైనా పేరు మాత్రం ఆయనదే.

అంతకంటే మనకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆయన రచయిత. 'సర్వెంట్ ఆఫ్ సాహిబ్స్' అనే ఆయన ఆత్మకథ 1923లో కేంబ్రిడ్జిలో అచ్చయింది. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' గేయాన్ని తరగతిలో చదివి, పరీక్షలో రాసి, ఇప్పుడు పిల్లలకు చెబుతున్నవాళ్ళం మనం. చరిత్ర పుస్తకాలకెక్కని శ్రామికుడు ఎవడని ఆ గేయం అడిగింది. హిమాలయాల అవతలి అంచున అలాంటి ఒక శ్రామికుడు తన పేరు పటం మీద మిగిల్చి, తన కథ తానే చెప్పి వెళ్ళాడు. ఆ లోయ మీద ఇంత కవిత్వం వచ్చినా మన కవులకు ఆయన కనిపించకపోవటం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. మనకు సరిహద్దు కవిత్వం అనేది ఒకటి తయారై ఉంది. అందులో మనుషులు పట్టరు.

ఆ తయారీ సరుకు ఎలాంటిదో ముందు చూద్దాం. హిమాలయం తల్లి శిరస్సు, లేదా కోటగోడ. మంచు తెల్లగా ఉంటుంది, రెండో చరణానికి ఎర్రబడుతుంది. శత్రువు డ్రాగన్. వీరుని భార్య నుదుటి కుంకుమ చివరి చరణంలో వస్తుంది. 1962లో ఇదే, 1965లో డ్రాగన్‌ను తీసేసి ఇదే, 1999లో కార్గిల్ పేరు చేర్చి ఇదే. వృత్తం పోయి గేయం వచ్చింది, గేయం పోయి వచన కవిత వచ్చింది, సరుకు మాత్రం మారలేదు. వచన కవిత అన్నంత మాత్రాన భావం కొత్తదవుతుందనుకునే వారికి ఇదొక మంచి పాఠం.

మా పాఠశాలలో ఆ మరుసటి సంవత్సరం ఇదే విషయం మీద వ్యాసరచన పోటీ పెట్టారు. కాగితాలు దిద్దే పని నాకు పడింది. పిల్లల్లో సగానికి సగం మంది తుపాకులు గర్జించాయనీ, మన వీరులు తూటాలకు గుండెలు చూపారనీ రాశారు. కాని గాల్వన్‌లో ఆ రాత్రి తూటా పేలలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని 1996లో రెండు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందాన్ని అక్షరాలా పాటిస్తూనే రాళ్ళతో, కర్రలతో, మేకులు దిగ్గొట్టిన ఇనప కడ్డీలతో మనుషులు మనుషులను చంపుకున్నారు. కొందరు గడ్డకట్టే నీటిలో పడి పోయారు. ఇరవై ఒకటో శతాబ్దంలో, అణ్వస్త్రాలున్న రెండు రాజ్యాల సైనికులు రాతియుగపు ఆయుధాలతో తలపడ్డారన్న ఈ ఘోరమైన వాస్తవం కంటే ఏ అలంకారం గొప్పది? పిల్లలను తప్పుపట్టలేం. వాళ్ళు మన కవిత్వం నుంచే నేర్చుకున్నారు. కవి వార్త కూడా సరిగా చదవకుండా వీరరసానికి పూనుకుంటే జరిగేది ఇదే.

ఇక్కడ ఒక అపార్థానికి తావు లేకుండా చెప్పాలి. చనిపోయిన వారి విషయంలో దుఃఖపడటం దురభిమానం కాదు. ఆ రాత్రి మరణించిన 20 మంది భారత సైనికులలో 16వ బీహార్ పటాలం అధిపతి కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట వాడు, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడు. సూర్యాపేట అంటే తెలంగాణ సాయుధ పోరాటపు గడ్డ. ఆ ఊరు ఏడ్చిందంటే అది ఎవరో రెచ్చగొడితే ఏడ్చిన ఏడుపు కాదు. మిగిలినవారు బీహార్, పంజాబ్, ఒడిశా, జార్ఖండ్, తమిళనాడు వంటి రాష్ట్రాల పల్లెల నుంచి వచ్చినవారు. ఈ పల్లెల్లో సైన్యం మొదట ఒక ఉద్యోగం, ఆ తర్వాతే ఆదర్శం. ఈ మాట అనటం వారిని కించపరచటం అనుకునే వారికి పల్లెటూళ్ళలో నెలజీతం విలువ ఏమిటో తెలియదనుకోవాలి.

మన శిబిరంలో కొందరు మిత్రులు ఈ దుఃఖాన్ని ముట్టుకోవటానికే జంకారు. ముట్టుకుంటే ఎక్కడ జాతీయ దురహంకారపు మరక అంటుతుందోనని, 'యుద్ధం వద్దు, శాంతి కావాలి' అని నాలుగు పంక్తులు రాసి చేతులు కడుక్కున్నారు. వారి శాంతి కవితలు కూడా తయారీ సరుకే. పావురం ఉంటుంది, తల్లి ఉంటుంది, ఏ కొండ, ఏ దారి, ఎవరి మంద అన్నది ఉండదు. డ్రాగన్ కవితకూ పావురం కవితకూ వస్తువు వేరు కావచ్చు గాని పద్ధతి ఒక్కటే. రెండింటికీ లడాఖ్ అక్కరలేదు.

ఈ జంకు నిన్నటిది కాదు. 1962 అక్టోబరు 20న మొదలై నవంబరు 21తో ముగిసిన యుద్ధం అభ్యుదయ ఉద్యమాన్ని నిలువునా కోసింది. భారత రక్షణ నిబంధనల కింద కమ్యూనిస్టు నాయకులు ఎందరినో ఆ నవంబరులోనే నిర్బంధించారు. 1964లో పార్టీ చీలింది. ఏది దాడి, ఏది ఆత్మరక్షణ అన్న తగాదాలో సోదర రచయితలు ఒకరి ముఖం ఒకరు చూడని రోజులవి. ఆ వాతావరణంలో కొండల మీది మనుషుల గూర్చి రాయటానికి ఎవరికి తీరిక?

కాని ప్రయత్నించినవారు లేకపోలేదు. 1964లో చేతన్ ఆనంద్ తీసిన 'హకీకత్' చిత్రాన్నే చూడండి. పాటలు రాసిన కైఫీ ఆజ్మీ అభ్యుదయ రచయితల ఉద్యమపు కవి, అందులో నటించిన బలరాజ్ సహానీ ప్రజానాట్య ఉద్యమపు మనిషి. గెలుపు కథ కాక వెనుదిరుగుతున్న సైనికుల కథ ఎన్నుకోవటంలోనే వారి నిజాయితీ ఉంది. ఆకలి, చలి, ఇంటి నుంచి రాని ఉత్తరం, ఇవన్నీ ఆ చిత్రంలో నిజంగా ఉన్నాయి. అయినా లడాఖీ పిల్ల అంగ్మో అందులో ఎందుకుంది? కెప్టెన్ ప్రేమించటానికి, అతనితోపాటు చనిపోవటానికి. ఆ నేల ఆమెది. కాని కథ అక్కడికి వచ్చినవాళ్ళది. అభ్యుదయ కళాకారుల చేతిలో కూడా ఇలా జరిగిందంటే, లోపం మనసులో కాదు, ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దానిలో ఉందని తేలుతుంది.

నిలబడే చోటు మారితే ఏమవుతుందో చెప్పటానికి అస్సామీ రచయిత్రి రీటా చౌదరి 'మాకాం' (2010) ఉంది. బ్రిటిష్‌వాళ్ళు టీ తోటల కోసం పందొమ్మిదో శతాబ్దంలో తెచ్చిన చైనా కూలీల సంతతి అస్సాంలో స్థిరపడింది. స్థానికులతో పెళ్ళిళ్ళయ్యాయి, భాష కలిసింది. 1962లో ఒక్కసారిగా వాళ్ళు శత్రువులయ్యారు. దేశంలోని చైనా సంతతి వారిని సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ నిర్బంధ శిబిరానికి తరలించారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే మగ్గారు, మరికొందరిని ఓడలెక్కించి, ఎన్నడూ చూడని చైనాకు పంపేశారు. యుద్ధం నెల రోజులది, శిబిరం మాత్రం 1967 దాకా నడిచింది. ఆ నవలలో హిమాలయం ఎక్కడో దూరాన ఉంటుంది. యుద్ధం మాత్రం వంటింట్లోకి వస్తుంది. శిల్పపరంగా నవల కొంత సాగతీతగా ఉందనిపించినా, సరిహద్దు అనేది కొండ మీదే కాదు, పెళ్ళైన జంట మధ్య కూడా గీయబడుతుందని చూపటంలో దానికి సాటివచ్చే రచన మన భాషలో నాకు కనబడలేదు.

ఇప్పుడు గులాం రసూల్ పుస్తకానికి వద్దాం.

ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్రచరిత్ర' మనకు తెలుసు. 1830-31లో నూరుమంది దాకా పరివారంతో ఆయన చేసిన ప్రయాణం అది. పల్లకీలో కూర్చున్న మనిషి రాసిన పుస్తకం. ఎంత ఉదారంగా రాసినా దారి ఆయనకు పల్లకీ ఎత్తునుంచే కనిపిస్తుంది. ఆ బోయీలలో ఒకడు రాసి ఉంటే? గులాం రసూల్ పుస్తకం అలాంటి పుస్తకం. మధ్య ఆసియాలో తిరిగిన దొరల్లో చాలామంది యాత్రాగ్రంథాలు రాశారు. వాటిలో ఈయనలాంటివారు ఒక పేరుగానో, ఒక్కోసారి కేవలం ఒక సంఖ్యగానో ఉంటారు. 1895లో లిటిల్‌డేల్ దంపతులు లాసా చేరాలని టిబెట్ మీదుగా చేసిన ప్రయాణంలో జంతువులలో చాలా భాగం చచ్చిపోయాయి. దొరల పుస్తకాలకు అదొక సాహసం. గుర్రాన్ని తోలినవాడికి ఆ చచ్చిన గుర్రం బరువు తన వీపు మీదికి వస్తుంది.

తన ఇంటిపేరు గూర్చి ఆయన చెప్పిన కథ మరీ విశేషం. గాల్వన్ అంటే కాశ్మీరులో దొంగ అని అర్థం. పూర్వీకుడైన కరా గాల్వన్ ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టేవాడని, చివరకు రాజు మనుషుల చేతికి చిక్కాడని ఆ కుటుంబపు గాథ. రెండు ప్రభుత్వాలు తమదంటే తమదని సైన్యాలను మోహరించిన లోయకు, రాజద్రోహి అయిన ఒక గజదొంగ బిరుదు అంటుకుని ఉందన్నమాట!

అయితే ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోవటం కూడా తప్పే. పేరులోనే ఉంది, 'దొరల సేవకుడు' అని. సేవలో ఆయనకు గర్వముంది. దొర మంచివాడా చెడ్డవాడా అని తూస్తాడే గాని, దొర అక్కడికి ఎందుకొచ్చాడని అడగడు. పీఠిక రాసిన యంగ్‌హజ్‌బెండ్ 1903-04లో టిబెట్ మీదికి బ్రిటిష్ సేనను నడిపించిన మనిషి. ఆ కొండల్లో 'యాత్రికులు' కొలిచిన కొలతలే తర్వాత పటాలయ్యాయి. 1865లో జాన్సన్ ఒక గీత గీశాడు, 1899లో బ్రిటిష్‌వాళ్ళే చైనాకు మరో గీత ప్రతిపాదించారు. ఈ రెండు గీతల మధ్య అక్సాయ్‌చిన్ ఇరుక్కుంది. 1957లో చైనా అందులో రోడ్డు పూర్తిచేసింది, 1962 జులైలో గాల్వన్ లోయలో మన చౌకీని చుట్టుముట్టింది, అక్టోబరు 20న దాన్ని పడగొట్టింది. సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు నేటికీ దాని చేతిలోనే ఉన్నాయి. సామ్రాజ్యవాదం విడిచిపోయిన గీతను సోషలిస్టు పేరు పెట్టుకున్న రాజ్యం బలంతో సరిచేసుకోబూనటాన్ని మనం విమర్శించకుండా దాటవేయనక్కరలేదు. తనవాళ్ళు నలుగురు చనిపోయారని చెప్పటానికి ఆ ప్రభుత్వానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ లెక్కను అనుమానించిన ఒక మాజీ పాత్రికేయునికి ఎనిమిది నెలల జైలు శిక్ష పడింది. ఆ గీతకు అవతల ఉన్న రచయిత కూడా మన సోదరుడే.

గులాం రసూల్ చేసిన పని ఆయనతో ఆగిపోలేదు. షయోక్ నది వెంట 255 కిలోమీటర్ల దర్బుక్–దౌలత్‌బేగ్ ఓల్డీ రహదారి గాల్వన్ కలిసే చోటు పక్కనుంచే పోతుంది. ఈ ఎత్తుల మీద రోడ్లు వేసే కూలీలలో చాలామంది జార్ఖండ్‌లోని సంతాల్ పరగణాల వారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్ళు లడాఖ్‌లో చిక్కుకుపోయారు. మే నెలాఖరున కొందరిని విమానంలో రాంచీకి చేర్చారు. ఘర్షణకు రెండే రోజుల ముందు, జూన్ 13న, మళ్ళీ రోడ్ల పనికి దుంకా నుంచి కూలీలతో ప్రత్యేక రైలు బయలుదేరింది. ఆ రైలు మీద ఒక్క తెలుగు కవిత నా కంటపడలేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో చుషూల్ వైపు గొర్రెలు, పష్మీనా మేకలు మేపుకునే చాంగ్‌పాలు తమ శీతాకాలపు పచ్చికబయళ్ళు అందకుండా పోయాయని మొరపెట్టుకున్నారు. 2024 అక్టోబరులో గస్తీ విషయమై రెండు ప్రభుత్వాలూ ఒక అంగీకారానికి వచ్చాయి. మంద ఎక్కడిదాకా పోవచ్చో కాపరిని అడిగి గీసిన గీత మాత్రం ఏ పటంలోనూ లేదు.

మన యువ రచయితలలో ఎవరైనా గులాం రసూల్ పుస్తకాన్ని తెలుగు చేయటానికి పూనుకుంటే బాగుంటుంది. వారికొక చిక్కు మాత్రం ఉంది. లడాఖీ, తుర్కీ, ఉర్దూ నోటినిండా ఉన్న ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కేథరిన్ బారెట్ అనే అమెరికన్ మహిళ దాన్ని సంస్కరించింది గాని ఆయన వాక్యాలను చదువుకున్నవాళ్ళ ఇంగ్లీషులోకి మార్చలేదు. అందుకే పుస్తకం పేరు కింద 'బిగ్గరగా చదువుకోవలసిన పుస్తకం' అని వేశారు. దీన్ని శిష్టవ్యావహారికంలో పెడితే గుర్రాలు తోలినవాడు ఉపన్యాసం ఇచ్చినట్టుంటుంది. గిడుగు పోరాడి తెచ్చిన వ్యావహారికం కూడా చివరకు ఉద్యోగస్థుల ఇళ్ళలోని వ్యావహారికంగానే స్థిరపడింది. పాతబస్తీలో జట్కా తోలిన ముస్లిం ముసలివాళ్ళు మాట్లాడే తెలుగు, సగం దక్కనీ ఉర్దూతో, క్రియలు ఒక్కోసారి ముందుకొచ్చి, లింగవచనాలు తారుమారై ఉండేది, దానికి దగ్గరగా ఉంటుందేమో. ఒక పేజీ అలా రాసి, సంపాదకుడు దిద్దకముందే, పదిమందిలో బిగ్గరగా చదివి చూడాలి.